తాళాలు పట్టినాయన

రాత్రి ఎనిమిదైంది. జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు మీద దేవరుప్పుల దగ్గర లోపలికి మళ్లితే వచ్చే ఊళ్లలో ఇదొకటి. వానాకాలం వడ్లు అమ్ముడుపోయాయి, యాసంగి నాట్లు పడ్డాయి. జనం చేతిలో నాలుగు పైసలూ, ఒంటికి కాస్త తీరికా ఒకేసారి ఉండే రోజులు ఏడాదిలో ఇవే. యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా మీద మీకు చోటు దొరికింది. ముందు వరుసంతా పిల్లలు. వాళ్ల వెనక దుప్పట్లు కప్పుకున్న ముసలమ్మలు. అందరికంటే వెనక మోటారుసైకిళ్ల మీద కాళ్లు వేలాడేసుకున్న కుర్రాళ్లు. ఎదురుగా నాలుగు వెదురు గుంజలు, పైన టార్పాలిన్, రెండు ఎల్‌ఈడీ లైట్లు, తాడుకు వేలాడుతున్న ఒక మైకు. చిందు యక్షగానానికి ఇంతకు మించి రంగస్థలం అక్కర్లేదు. ఇవాళ ఆట సారంగధర.

మొదలు కావడానికి ఇంకా గంట పైనే పడుతుంది. లేచి బడి వరండాలోకి వెళ్లండి, ఎవరూ వద్దనరు. వేషాలు అక్కడే కడుతున్నారు. రాజరాజనరేంద్రుడు గోడకు ఆనుకుని, అరచేతిలో పట్టే అద్దం ముక్కను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ముఖానికి అర్దళం పూసుకుంటున్నాడు. ఆ పసుపు పూత ఆరాక కనుబొమల మీద నల్లగీత, నుదుట ఎర్రనామం. పక్కన చాప మీద కిరీటం, భుజకీర్తులు పెట్టారు. ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి, బరువే తెలియదు. పునికి కర్రతో చెక్కినవి అవి. నిర్మల్ బొమ్మలు చేసేదీ ఆ కర్రతోనే. మీద బంగారు రంగు కాగితం, అద్దం బిళ్లలు. తెల్లవార్లూ మోయాల్సిన కిరీటం కదా, తేలికగా లేకపోతే తెల్లారేసరికి రాజుగారి మెడ పట్టేస్తుంది.

ఇవాళ మీరు కనిపెట్టి చూడాల్సిన మనిషి మాత్రం వేషంలో లేడు. తెల్ల ధోతి, మోచేతుల దాకా మడిచిన అంగీ, మెడలో తువ్వాల. అరవై దాటిన మనిషి. మూలన కూర్చుని తాళాల తాడు ముడి విప్పి మళ్లీ బిగిస్తున్నాడు. అరచేయంత ఇత్తడి తాళాలు. ఏళ్ల తరబడి దెబ్బ పడి పడి ఒక పక్క అంచు పలచబడింది. మేళంలో పిల్లలు ఆయన్ను పెద్దయ్య అంటారు. మద్దెల కుర్రాడు మాత్రం మామా అంటాడు, వరస అది.

"అల్లుడా, ఎడమ దిక్కు తోలు దిగింది. ఇనవడ్తలేదా?"

"చలికి మామా. ఇంతసేపు మంచిగనే ఉండె."

"చలికేం ఎరుక బిడ్డా, మనకుండాలె."

కుర్రాడు గుండ్రాయితో మద్దెల అంచు మీద చుట్టూ తడుతూ, మధ్య మధ్య చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. హార్మోనియం ఆయన నాలుగో శ్రుతి పట్టుకుని ఉన్నాడు. చిత్రాంగి వేషం కట్టే ఆమె, పెద్దయ్యకు వదిన వరస, జడ అల్లుకుంటూనే ఆ శ్రుతిలో సన్నగా ఒక కూనిరాగం తీసింది. చిందు మేళంలో ఆడవేషం ఆడవాళ్లు కట్టడం కొత్త సంగతి కాదు. చుట్టుపక్కల ఆటల్లో మీసాలు గొరిగించుకుని మగవాళ్లే సీత, ద్రౌపది అవుతున్న కాలంలోనే చిందుల ఇళ్లలో ఆడవాళ్లు గజ్జె కట్టారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ ఆ గజ్జెతోనే రాష్ట్రమంతా పేరు తెచ్చుకుంది.

తొమ్మిదిన్నర. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడ్డారు. దాని కింద నుంచి గజ్జెల కాళ్లు కనిపిస్తున్నాయి. ఓ పక్కగా బెంచీ మీద హార్మోనియం, మద్దెల, వంత పాడే ఇద్దరు హంగుదార్లు. వాళ్ల మధ్య పెద్దయ్య నిలబడే ఉన్నాడు, తెల్లారిందాకా కూర్చోడు. తాళాల మొదటి దెబ్బ పడింది. గణపతి ప్రార్థన, శారద ప్రార్థన, గురువు తలపు. ఆ వెంటనే హాస్యగాడు బుడ్డెర్‌ఖాన్ దూకుతాడు. తలపాగా వంకర, చేతిలో కర్ర, సగం ఉర్దూ, సగం తిట్టు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ముసలమ్మల్లో ఒకామె "వీని నోట్ల మన్నువడ" అంటూ తానూ నవ్వుతుంది. సభ కుదురుకుంటే వాడి పని అయిపోతుంది. పెద్దయ్య తాళం ఒక్కసారి బిగించాడు, బుడ్డెర్‌ఖాన్ మాట మధ్యలోనే మాయమయ్యాడు.

ఇక రాజు. తెర వెనక రెండు గిరికీలు, తెర మీదుగా కిరీటం తళుక్కుమంది, తెర పక్కకు జరిగింది. హంగుదారు ముందుకొచ్చి చేతులు కట్టుకుని అడుగుతున్నాడు: "మహారాజా, తమరెవరు, తమరి పట్టణమేది, ఈ సభవారికి విన్నవించండి." రాజు చెప్పుకుంటాడు. ముందు వచనంలో, తర్వాత దరువులో. పేరు చెప్పుకోవడానికే పావుగంట.

ఇప్పుడు రాజును వదిలేసి పెద్దయ్య చేతుల మీద చూపు పెట్టండి. ఎడమ చేతిలో తాళం వెల్లకిలా, కుడి చేతిలోది దాని అంచు మీద పడుతోంది. మామూలు నడకలో దెబ్బ వదులుగా ఉంటుంది, మోత సాగుతుంది. దరువు ముగింపుకు వస్తుందనగా కింది తాళాన్ని చూపుడు వేలితో అదుముతాడు, మోత తెగుతుంది. మద్దెల కుర్రాడికి అదే సైగ, ముక్తాయింపు వాయించేస్తాడు. రాజు తన పాటలో ఒక చరణం మింగేశాడు. పెద్దయ్య కనుబొమ కూడా కదలలేదు. ఆ మింగిన చరణం మొదటి మాటను తానే ఎత్తి హంగుదార్లకు అందించాడు, వాళ్లు వంత పట్టారు, రాజు తేరుకుని అందులో కలిశాడు. మీ పక్కన కూర్చున్న వాళ్లకు ఏం జరిగిందో తెలియదు. వంత ఉన్నదే అందుకు. పాటగాడికి ఊపిరి దొరుకుతుంది, కాలికి చిందు దొరుకుతుంది, మరపుకు మందు దొరుకుతుంది. కాగితం ముక్క లేదు, పుస్తకం లేదు. ఆరేడు గంటల ఆట మొత్తం, అన్ని వేషాల పాటలూ, ఆ ఒక్క తలకాయలో ఉన్నాయి.

ఈ పనిని ఇటలీలో చేసినవాళ్లలో లోకమంతా చెప్పుకునే పేరు ఆర్టూరో టోస్కానినీ. పార్మా ఊళ్లో ఒక దర్జీ కొడుకు. పుట్టింది 1867 మార్చి 25న. సరిగ్గా రెండు వారాల ముందే పారిస్‌లో వెర్డీ ఒపేరా 'డాన్ కార్లోస్' మొదటిసారి ఆడింది. కొడుక్కు అనుకున్న పిల్లను తండ్రి పెళ్లాడతాడు, రాజకుమారుడికీ సవతి తల్లికీ మధ్య మంట రగులుతుంది. కథ ఎక్కడో విన్నట్టుందా? సారంగధరుడి పటం చూసి మనసుపడ్డ చిత్రాంగిని రాజరాజు కట్టుకున్నాడని చెప్పే పాఠాలు మన దగ్గరా ఉన్నాయి. అక్కడ స్పెయిన్ రాజు, ఇక్కడ రాజమహేంద్రవరం రాజు, ఎక్కడైనా ముసలి రాజుల పెళ్లిళ్లు నాటకగాళ్లకు పంట.

టోస్కానినీ మొదట సెల్లో వాయించేవాడు. 1886లో ఒక ఇటాలియన్ ఒపేరా మేళంతో కలిసి దక్షిణ అమెరికా పోయాడు. జూన్ 30 రాత్రి రియో డి జనీరోలో ఆట 'ఐదా'. మేళాన్ని నడపాల్సిన బ్రెజిల్ కండక్టర్ అప్పటికే గొడవపడి తప్పుకున్నాడు. బదులుగా వచ్చినవాళ్లను జనం అరిచి దింపేశారు. ఇక ఆట లేదనుకున్న వేళ తోటివాళ్లు పందొమ్మిదేళ్ల సెల్లో కుర్రాణ్ణి ముందుకు తోశారు. ఎదురుగా ఉన్న పుస్తకం మూసేసి, మొత్తం ఒపేరాను జ్ఞాపకం మీద నడిపాడు. ఆ ఒక్క రాత్రితో బతుకు మళ్లిపోయింది. ఆ తర్వాత 1896లో టూరిన్‌లో పుచ్చినీ 'లా బొహీమ్' మొదటి ఆట, 1898 నుంచి మిలాన్‌లోని లా స్కాలా, అటు తర్వాత న్యూయార్క్. 1957లో పోయేనాటికి ఆ పేరే ఆ వృత్తికి కొలత. కళ్లు సరిగా ఆనేవి కావు, చదువుతూ నడపడం కష్టం, అందుకే అన్నీ కంఠతా పట్టాడని చెబుతారు. పుస్తకం లేకుండా నడపడాన్ని పడమటివాళ్లు ఇప్పటికీ వింతగా చెప్పుకుంటారు. ఆ వింత ఇక్కడ యూరియా సంచుల పట్టా ముందు ఏ చప్పట్లూ లేకుండా జరిగిపోతోంది.

ఆ వింత ఇక్కడ జరుగుతోందన్నది గాలిలో అన్న మాట కాదు. ఈ దేవరుప్పుల మండలంలోనే అప్పిరెడ్డిపల్లె ఉంది, చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య ఊరు. తల్లిదండ్రుల దగ్గర చిందు నేర్చి పన్నెండేళ్లప్పుడు వేషం కట్టాడు. పగలు కూలికి పోవడం, రాత్రి గజ్జె కట్టడం. 2024 జనవరి 25న పద్మశ్రీ ప్రకటించినప్పుడు కేంద్ర ప్రభుత్వం ఆయన గురించి చెప్పిన లెక్క: అయిదు దశాబ్దాలకు పైగా, 19 వేలకు పైగా ప్రదర్శనలు. రోజుకొకటి చొప్పున వేసుకున్నా 52 ఏళ్లు. చిందు కళాకారుల కోసం సంఘం కట్టాడు, చదువు గురించీ చెట్ల గురించీ కూడా అదే గజ్జెతో చెప్పాడు. ఆ ఏడాది వేసవిలో ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా పతకం అందింది. రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల రూపాయలు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. జనగామ మట్టికి ఇది కొత్తా కాదు. లింగాల ఘనపురం మండలం మాణిక్యపురంలో ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్య పుట్టాడు. ఆయనకు 2004 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. కథ చెబుతూనే డోలు వాళ్లనీ తాళం వాళ్లనీ కంటి కొసతో నడిపిన మనిషి ఆయన.

పన్నెండు దాటింది. చలి ముదిరింది. సారంగధరుడి పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలింది. పావురమంటే హంగుదారు చేతిలోని తెల్ల రుమాలు. "పోవద్దు రాజకుమారా" అని మిత్రుడు సుబుద్ధి కాళ్లకు అడ్డం పడుతున్నాడు. మీ ముందున్న ముసలమ్మకు కథ కంఠతా వచ్చు. అయినా "ఓ కొడుకా, పోకురా" అని గట్టిగానే అంటోంది. పోతాడని ఆమెకూ తెలుసు.

చిత్రాంగి వచ్చింది. ఇందాక వరండాలో జడ అల్లుకున్న మనిషేనా అని మీరు ముందుకు వంగుతారు. మొదట త్రిపుటలో నెమ్మదిగా, పావురాన్ని చంకన పెట్టుకుని, పిల్లవాణ్ణి ఆటపట్టిస్తున్నట్టు పాడుతోంది. పెద్దయ్య తాళం దూరంగా, దాదాపు వినపడీ వినపడనట్టు. సారంగధరుడు "తల్లీ" అన్నాడు. ఆమె పాట ఆగింది. తాళం కూడా ఆగింది. హార్మోనియం శ్రుతి ఒక్కటే మిగిలింది. మైకు తాడు గాలికి గుంజను కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్దయ్య రెండు చేతులూ ఎత్తి పట్టుకుని అలాగే ఉన్నాడు. ఎంతసేపు? మద్దెల కుర్రాడు గుటక మింగాడు. కొత్తవాడైతే ఈపాటికి భయపడి వాయించేసేవాడు. చిత్రాంగి పైట సర్దుకుని, కాలు ఎత్తి, నేల మీద మోపింది. ఆ గజ్జె మోత మీదే తాళాలు పడ్డాయి, ఈసారి ఏకతాళం, రెట్టింపు నడక. ఆమె అడుగుతోంది, వేడుకుంటోంది, బెదిరిస్తోంది. ఒక్కో పాదానికీ ఒక్కో అంగుళం జరుగుతూ సారంగధరుణ్ణి గుంజ దాకా తోసుకుపోయింది. పెద్దయ్య ఆమె ముఖం చూడటం లేదు, చూపంతా ఆమె మడమల మీదే ఉంది. మడమ లేచే తీరును బట్టి ఆమె ఎప్పుడు తిరుగుతుందో ఆయనకు అందుతుంది, తిరిగేలోగా మద్దెలకు సైగ చేరుతుంది.

ఈ పట్టు తెగకుండా ఇలాగే సాగాలని మీరు కోరుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒకాయన చేతిలో నోటు ఆడిస్తూ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అయిదు వందల పదహార్ల చదివింపు. తాళం ఆగింది. చిత్రాంగి కోపం పక్కన పెట్టి కొంగుతో చెమట తుడుచుకుంది. హంగుదారు మైకు అందుకుని ఇచ్చినాయన పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు అన్నీ చదివి, పాడిపంటలు సల్లగుండాలని మద్దెల దరువుతో దీవించాడు. ఆయనకు పాట మళ్లీ మొదటి నుంచి కావాలట. చిత్రాంగి మొదలుపెట్టింది.

టోస్కానినీ అయితే ఏం చేసేవాడో తెలుసు. వన్స్‌మోర్ అంటే ఆయనకు ఒళ్లు మంట. 1903లో లా స్కాలాలో ఒక పాట మళ్లీ పాడించమని జనం పట్టుబడితే, ఆ రాత్రి మిగతా ఒపేరాను వదిలేసి వెళ్లిపోయాడు. చూసేవాళ్ల వైపు దీపాలు తగ్గించాలన్నాడు, ఆట మధ్యలో రాకపోకలు కూడదన్నాడు. 1931లో బొలోన్యాలో ఫాసిస్టుల పాట వాయించనన్నందుకు వాళ్ల చేతి దెబ్బలు తిన్నాడు, అయినా వాయించలేదు. గొప్ప తెగువే. కానీ వాయించనని చెప్పగలగడానికి వెనక ఒక బలం కావాలి. పెద్దయ్య వెనక ఏముంది? అయిదు వందలిచ్చిన మనిషి ఊరికి పెద్ద, వచ్చే ఏడు మేళాన్ని పిలవాలా వద్దా అనేది ఆయన నోటి మాట. అందుకని తెగిన పట్టును మళ్లీ మొదటి నుంచి కట్టుకొస్తాడు. చూడండి, రెండోసారి పాటను కొంచెం తొందరగా ఎత్తించాడు, రెండు చరణాలు దాటించాడు, అదే మౌనం దగ్గరికి తెచ్చి నిలిపాడు, ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు. నోటు ఇచ్చినాయన కూడా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నా మట్టుకు నాకు, కోపంతో వెళ్లిపోవడం కన్నా ఈ పనితనమే కష్టమనిపిస్తుంది.

ఊరు అంటే ఇక్కడ చాలా సంగతులున్నాయి. చిందువాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. ఏ ఊరు ఏ కుటుంబానికి మిరాసి అనేది తాతల నాడే తేలిపోయింది. మిరాసి ఊరికి ఏటా రావాలి, ఆడాలి, మాదిగ ఇళ్ల నుంచి త్యాగం అనే తమ వాటా తీసుకుపోవాలి. ఆ వాడలో వాళ్లు ఆడితీరాల్సిన కథ ఒకటుంది: జాంబపురాణం. భూమి పుట్టకముందే ఆదిజాంబవుడు పుట్టాడని, బ్రాహ్మణ వేషం ఎదురుగా నిలబడి అడిగే ప్రశ్నలకు జవాబుగా మాదిగల పుట్టుక గొప్పను నిలబెట్టే కథ. సారంగధరకు ఊరంతా వస్తుంది. జాంబపురాణం నాడు పట్టా మీద ఎవరెవరు కూర్చున్నారో, ఎవరెవరు రాలేదో లెక్క చూసుకోండి. ఇదే మండలంలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాకు ఒరిగాడు. దొరల గడీల ముందు కూడా ఇవే తాళాలు మోగాయి. పగలు వెట్టికి వంగిన నడుమే రాత్రి గడీ ముందు కిరీటం పెట్టుకుని రాజుగా నిలబడాలి. ఆ నేలలో పెరిగిన మేళంపెద్దకు ఎక్కడ గొంతు ఎత్తాలో, ఎక్కడ మింగాలో తాళంతో పాటే వచ్చింది.

లా స్కాలాకు పోతే షాండ్లియర్ దీపాలుంటాయి, మఖ్మల్ కుర్చీలుంటాయి. ఒపేరాను రాజుల కొలువు పెంచింది, తర్వాత సర్కారు సాకింది. పుట్టుక మాటకొస్తే ఫ్లోరెన్స్‌లో 1600 ప్రాంతంలో మొదటి ఒపేరాలు వచ్చాయి, 1607లో మాంటెవెర్డీ 'ఓర్ఫియో' రాశాడు. కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయం' అంతకు ముందరిది, పదహారో శతాబ్దిది. మనకు దొరికిన యక్షగానాల్లో పాతది. జంపె, త్రిపుట, ఏక అని తాళాల పేర్లతోనే అందులో పాటలు నడుస్తాయి. ఇక్కడికి కొద్ది దూరంలోని పాలకుర్తిలో పుట్టిన సోమనాథుడు అంతకు చాలా ముందే, తన కాలపు ఆటపాటలన్నిటినీ 'పండితారాధ్య చరిత్ర'లో వరుసపెట్టి చెప్పాడు. ఎవరు ముందు, ఎవరు వెనక అని పోటీ పెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. పాటతో కథ నడపడం అంటే మద్దెలకూ గొంతుకూ కాలుకూ మధ్య ఒక మనిషి కావాలి. రెండు చోట్లా ఆ మనిషి పుట్టాడు. అక్కడ జీతమూ విగ్రహమూ దక్కాయి, ఇక్కడ త్యాగం బియ్యం దక్కాయి.

మూడైంది. మోటారుసైకిళ్లు తగ్గాయి, ముసలమ్మలు కదల్లేదు. రాజుగారి గొంతు బొంగురుపోయింది. చిత్రాంగి చాడీ నమ్మి తలారుల చేతికి కొడుకును అప్పగించే దరువు ఎత్తాలి, అది పైస్థాయిలో ఉంటుంది. పెద్దయ్య ఒక్కసారి హార్మోనియం వైపు గడ్డం కిందికి ఆడించాడు. ఆయన ఒక మెట్టు దించి శ్రుతి పట్టాడు. రాజు పాడగలిగాడు, ముఖంలో పాణం వచ్చింది. బెంచీ కింద గోనెపట్టా మీద ఇంతసేపూ ముడుచుకుని పడుకున్న పిల్లవాడు, పదేళ్లుంటాయేమో, కళ్లు నులుముకుంటూ లేచి హంగుదార్ల పక్కన నిలబడి వంత అందుకున్నాడు. ఎవరూ లేపలేదు. సారంగధరుడి చేతులు నరికే చోట లేత గొంతు కావాలని వాడికి నిద్రలో కూడా తెలుసు. పెద్దయ్య వాడి వైపు తిరగకుండానే ఎడమ మోచేతిని కాస్త పక్కకు జరిపి చోటిచ్చాడు. చిందు బడి ఇదే, పరీక్షా ఇదే.

అడవిలో సిద్ధుడు వచ్చాడు. నరికిన కాళ్లూ చేతులూ మొలిచాయి. మంగళహారతి పళ్లెం పట్టా చుట్టూ తిరిగింది, చిల్లర గలగలలాడింది. తూరుపు తెల్లబడుతుండగా రాజరాజు కొబ్బరినూనె రాసి అర్దళం తుడుచుకుంటున్నాడు, చిత్రాంగి బొగ్గుల పొయ్యి మీద చాయ పెడుతోంది.

"మూడో దరువుల ఉరికినవ్ అల్లుడా. ఆమె కాలు ఇంక లేవనే లేదు, నువ్వు ముక్తాయించినవ్."

"నిద్రొచ్చె మామా."

"నిద్రొస్తే నాకు జెప్పు, తాళం జర గట్టిగ ఏస్త. ఊరికి జెప్పకు."

ఇక వచ్చే రోజుల లెక్క. శివరాత్రికి మహబూబాబాద్ జిల్లా కురవి వీరభద్రస్వామి జాతరలో ఒక ఆట మాట్లాడుకున్నారు. అక్కడ జనం నిలవరు, వస్తూ పోతూ చూస్తారు. అందుకని అక్కడ పెద్ద కథ పెట్టకూడదు, దక్షయజ్ఞం లాంటిది, వీరభద్రుడు త్వరగా వచ్చేది కావాలి. ఆ తర్వాత భూపాలపల్లి. బొగ్గు గనుల కాలనీలో ఆడాలంటే రాత్రి డ్యూటీకి పోయేవాళ్లు పదిగంటలకే లేచిపోతారు, మొదటి డ్యూటీ వాళ్లు తెల్లవారకముందే లేవాలి. అక్కడి ఆట రెండు గంటలు దాటొద్దు. ఏ కథను ఎక్కడ కోసి ఎక్కడ అతకాలో పెద్దయ్య వేళ్ల మీద చెబుతున్నాడు. యక్షగాన కవి చెర్విరాల భాగయ్య పాత అచ్చుపుస్తకం ఒకటి సంచిలో ఉంది, అట్ట లేదు. తీసి చూడలేదు. సంచిలో ఉంటే ధైర్యం, అంతే.

త్యాగం కింద బియ్యం సంచి, కొన్ని నోట్లు వచ్చాయి. లెక్క తేలలేదని ఒక హంగుదారు సణుగుతున్నాడు. మోటారు కిరాయి పోతే మనిషికి మిగిలేది కూలి కన్నా తక్కువ. మద్దెల కుర్రాడు హైదరాబాద్‌లో డెలివరీ పనికి పోతానంటున్నాడట, పెద్దయ్య ఆ మాట విననట్టే ఉన్నాడు.

ఆయన ఫోను మోగింది. పట్నంలో ఏదో ఆఫీసువాళ్ల సభ, అతిథులు వచ్చేలోపు ఒక చిందు అంశం కావాలట. పెద్దయ్య స్పీకర్ పెట్టాడు, ఫోనులో మాట సరిగ్గా వినపడదు.

"ఏం ఆట సార్?"

"మీ ఇష్టం. సారంగధర మంచిగుంటదంటున్రు. పది నిమిషాలు."

"పది నిమిషాల్ల రాజు పేరు గూడ చెప్పుకోడు సార్."

అవతల కాసేపు చప్పుడు లేదు. "అయితే ఆ కాళ్లు చేతులు నరికే కాడికెల్లి మొదలువెట్టు పెద్దాయనా."

పెద్దయ్య చాయ గ్లాసు కింద పెట్టి మద్దెల కుర్రాడి వైపు చూశాడు.

"మనిషికెంతిస్తరు సార్?" అన్నాడు.